సనాటు ఎవరి లెక్కలో

నపారి నాకంటే నాలుగేళ్ళు చిన్న. విరిగిన ఎముకలకు కట్టు కట్టడం వాళ్ళ ఇంటి పని. తాత కట్టాడు, తండ్రి కట్టాడు, ఇప్పుడు వాడు కడుతున్నాడు. మా నాన్న జొన్న పండించాడు. నేను ఊరి బళ్ళో ఆరో తరగతి దాకా చదివి, మిషన్ ఆస్పత్రిలో నేల తుడవడానికి చేరాను. సిస్టర్లు నేర్పితే ప్లాస్టరు వేయడం నేర్చుకున్నాను. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. మా ఊళ్ళో కాలు విరిగినవాడికి రెండు దారులు. ఒకటి నపారి కొట్టం, రెండోది నా గది. ఎక్కువమంది మొదటి దారిలోనే పోతారు.

నా భార్య సనాటుకు నపారి మేనమామ కొడుకు. మా దగోంబా తెగలో ఆ వరసకు వేళాకోళం హక్కు. సంతలో పదిమంది ముందు వాడు ఆమెను "నా పెళ్ళామా" అని పిలవొచ్చు. "నన్ను పోషించే మొహమేనా నీది, చచ్చినాడా" అని ఆమె అనొచ్చు. మొగుడు నవ్వాలి. నవ్వనివాడు పెంపకం లేనివాడు. నేను పంతొమ్మిదేళ్ళు నవ్వాను. దవడలు నొప్పి పుట్టేవి.

సనాటు షియా చెట్టు గింజల నుంచి వెన్న తీసేది. ఆ వెన్న నపారి కొనేవాడు. విరిగిన కాలిని అదే వెన్నతో రుద్ది, జొన్నకర్ర బద్దలు పెట్టి కట్టేవాడు. అంటే ఆ కొట్టంలో పడుకున్న ప్రతి కాలి మీదా నా భార్య చేతి వెన్న ఉండేది. నా గదిలో సున్నం వాసన తప్ప ఏమీ ఉండేది కాదు.

"దావునీ, నీ భార్య వెన్న లేకపోతే నా చేతులు ఒట్టి చేతులు" అనేవాడు నపారి, ఎదురుపడినప్పుడల్లా.

"అలాగైతే దాన్నే కట్టు కట్టమను" అనేవాణ్ణి.

"కడుతుంది. నువ్వు వదిలితే."

అందరూ నవ్వేవాళ్ళు. సనాటు అందరికంటే గట్టిగా నవ్వేది.

సనాటు చనిపోయి రెండేళ్ళు దాటాక, ఎడారి దుమ్ము దిగిన నెలలో, మా హెడ్ నర్సు అజారా నన్ను తన గదికి పిలిచింది. బల్ల మీద ఒక కాగితాల కట్ట ఉంది.

"కూర్చో దావుని అన్నా. ఇది నిలబడి వినే మాట కాదు."

"నిలబడే వింటాను."

"నీ ఇష్టం. పడిపోయి కాలు విరిగితే ప్లాస్టరు వేయడానికి ఇంకొకడు లేడు మరి."

ఆమె చెప్పింది ఇది. కుమాసీ విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ అడోమా అనే ఆవిడ మా ప్రాంతంలో కాళ్ళు విరిగినవాళ్ళ మీద పరిశోధన చేసింది. ఆమె విద్యార్థులు ఇల్లిల్లూ తిరిగారు. మూడేళ్ళ రోగులను లెక్కించారు. నపారి దగ్గర నూట ఇరవైమంది, వాళ్ళలో నూటపదిమంది చక్కగా నడుస్తున్నారు. మా దగ్గర తొంభైమంది, నడుస్తున్నది యాభై నలుగురు. నూటికి తొంభై రెండు వాడికి. నూటికి అరవై నాకు.

"ఇక మీదట కాలు విరిగినవాణ్ణి ముందు నపారి దగ్గరికే పంపాలట. నపారి వద్దన్నవాళ్ళను టమాలే పెద్దాస్పత్రికి. నీ గది టీకాల గది చేస్తారట. వచ్చే గురువారం పెద్దల ముందు చదివి, ఒప్పుకుంటే అమలు."

"తొంభై రెండా?"

"గది పోతోందంటే వినబడలేదా నీకు? తొంభై రెండు ఒక్కటే వినబడిందా?"

ఒక్కటే వినబడింది. గది పోతే పోయింది. ఇంకో నాలుగేళ్ళలో నేనే పోతాను అందులోంచి. కానీ కుమాసీ నుంచి వచ్చిన డాక్టరు, అచ్చు కాగితం మీద, వాడు నాకంటే గొప్పవాడని రాసింది. సంతలో జనం అనడం వేరు. సనాటు అనడం కూడా వేరు.

సనాటు ఎలా పోయిందో చెప్పి ముందుకు పోతాను. దాచేది ఏమీ లేదు, ఊరందరికీ తెలిసిన సంగతే, ఒక్క ముక్క తప్ప.

ఆదివారం షియా గింజల బస్తాలతో మూడు చక్రాల బండి మీద వస్తూ పడిపోయింది. ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. దించగానే "నపారి దగ్గరికి తీసుకుపో" అంది. నా ముందు, బండివాడి ముందు, వాళ్ళ చెల్లెలి ముందు. "నీ మొగుడి పనేమిటో నీకు తెలియదా?" అన్నాను. ఆస్పత్రికి తెచ్చి నేనే ప్లాస్టరు వేశాను. మర్నాడు సాయంత్రం కాలివేళ్ళలో చీమలు పాకుతున్నాయంది. "ఆ చీమలు నపారి కొట్టం వైపు నడుస్తున్నాయా?" అన్నాను. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. బుధవారం నేను పనిలో ఉండగా వాళ్ళ చెల్లెలు ఆమెను నపారి దగ్గరికి తీసుకుపోయింది. ఆ మధ్యాహ్నమే వెనక్కి, ఆస్పత్రికి, వచ్చింది. కాలు నల్లబడి ఉంది. గురువారం తీసేశారు. శనివారం ఖననం చేశాం.

నపారి ముట్టుకున్నాకే పాడైందని నేను చెప్పాను. మా వాడ మొత్తం నమ్మింది. మా వాడవాళ్ళు ఆ కొట్టానికి పోవడం మానేశారు. నపారి ఒక్క మాట తిరిగి అనలేదు. అనకపోతే తప్పు ఒప్పుకున్నట్టేనని కూడా నేనే చెప్పాను.

ఆ పరిశోధన కాగితాలు అజారా దగ్గర తీసుకుని మూడు మధ్యాహ్నాలు నా బల్ల మీద చదివాను. నా ఇంగ్లీషు మెల్లగా నడుస్తుంది, కర్ర పట్టుకుని. అయినా నడుస్తుంది. నాలుగో పేజీలో, పట్టిక కింద, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. చికిత్స ఎక్కడ ముగిసిందో రోగిని ఆ చోటు కింద లెక్కించామని.

నేను పెన్సిలు కింద పెట్టాను. వాడు దొరికాడు.

నపారి పద్ధతి ఇదీ. కాలు విరిగినవాడు ఒక కోడిని వెంట తేవాలి. నపారి మనిషికి కట్టు కట్టే ముందు ఆ కోడి కాలు కూడా విరిచి, దానికీ అలాగే కడతాడు. కోడి నడిచిన రోజున మనిషి కట్టు విప్పుతాడు. కోడి కాలు విరిస్తేనే వైద్యం మొదలైనట్టు. మధ్యలో కోడి చచ్చిపోతే, "ఈ ఎముక నా చేతికి రాసిపెట్టలేదు, ఆస్పత్రికి పొండి" అంటాడు. ఇందులో ఎవరికీ అనుమానం లేదు. డాక్టర్ అడోమా కూడా దీన్ని మెచ్చుకుంది. తన చేతికి మించినవాళ్ళను వెంటనే ఆస్పత్రికి పంపే వివేకం అని రాసింది.

నాకు తెలిసింది వేరు. చీము పట్టిన కాలున్నవాడి కోడి ఎందుకో తొందరగా చస్తుంది. నపారి దాని మెడ నులుముతాడని నేననను. జ్వరంతో మూలుగుతున్న మనిషి పక్కన కోడికి గింజలు వేసేదెవరు? ఏదైతేనేం, కోడి చస్తుంది, మనిషి నా గుమ్మంలోకి వస్తాడు. కాలు అప్పటికే కుళ్ళి ఉంటుంది. డాక్టరు తీసేస్తాడు. పట్టికలో ఆ తీసేసిన కాలు మాది. నపారికి ఆ కోడిని మించిన గుమస్తా లేదు. చెడిపోయే ప్రతి కాలినీ ముందే జాబితాలోంచి కొట్టేస్తుంది.

నా గదిలో దళసరి పుస్తకం ఒకటి ఉంది. వచ్చిన ప్రతి రోగి పేరూ నేనే రాస్తాను. నపారి దగ్గర్నుంచి వచ్చినవాడైతే పేరు పక్కన పెన్సిలుతో మూడు గీతలు, కోడి పాదంలా. నన్నెవరూ అలా రాయమనలేదు. కడుపుమంటతో రాశాను. ఇప్పుడు ఆ కడుపుమంట అక్కరకు వచ్చింది.

మూడేళ్ళ పేజీలూ తిప్పాను. మా దగ్గర చెడిపోయినవాళ్ళు ముప్పై ఆరుగురు. అందులో ఇరవై అయిదుగురికి కోడి పాదం ఉంది. నడిచినవాళ్ళలో అయిదుగురికి. ముప్పై పేర్లు ఒక కాగితం మీద ఎత్తి రాశాను. పదిహేడో పేరు సనాటు. ఆమె పక్కన కోడి పాదం వేసింది కూడా నేనే, ఆమెను వెనక్కి తెచ్చిన బుధవారం నాడు. నిజానికి మొదలైంది నా బల్ల మీద. ఆ ఆదివారం ఆమె పేరు పుస్తకంలో ఎక్కించలేదు. సొంత భార్యను ఎక్కించడమేమిటని వదిలేశాను. కాగితం మీద ఆమె పేరు రాసి పద్దెనిమిదో పేరుకు పోయాను.

గురువారం సభకు నపారి చారల చేనేత అంగీ వేసుకుని వచ్చాడు. ఇప్పుడు వెన్న ఎవరి దగ్గర కొంటున్నాడో, ఆ వాసన మాత్రం అదే. నా ముందు కొంచెం వంగి పలకరించాడు. జవాబివ్వకపోతే పెద్దలు చూస్తారు కనుక ఇచ్చాను.

డాక్టర్ అడోమా నేననుకున్నదానికంటే చిన్నది. ముప్పై అయిదుంటాయి. పట్టిక చదివింది. పెద్దలు తలలూపారు. నపారి చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపుల్లో పిల్లలా కూర్చున్నాడు. అడగాల్సింది ఉంటే అడగండి అందామె. నేను లేచాను.

"డాక్టరమ్మా, ఇద్దరు ఆడవాళ్ళు వంట చేస్తున్నారు. ఒకామె కుండ అడుగంటుతున్న వాసన రాగానే తీసి పొరుగామె పొయ్యి మీద పెడుతుంది. సాయంత్రం మీరొచ్చి, ఏ పొయ్యి మీద మాడిన కుండలున్నాయో లెక్క పెట్టారు. పొరుగామెకు వంట రాదని రాశారు."

పెద్దలు నవ్వారు. గ్రామపెద్ద తరఫున మాట్లాడే ముసలి ఇమోరో "ఇదేదో మా ఇంటి సంగతిలా ఉందే" అన్నాడు. ఇంకా నవ్వారు.

నాలుగో పేజీ వాక్యం చదివాను. పుస్తకం తెరిచాను. ముప్పై పేర్ల కాగితం ఆమె ముందు పెట్టాను. ఆమె వాదిస్తుందనుకున్నాను. వాదిస్తే పడగొట్టడానికి ఇంకా నాలుగు మాటలు సిద్ధంగా ఉంచుకున్నాను. ఆమె కాగితం చూసింది, పుస్తకం చూసింది, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మీరు చెప్పింది నిజం. తప్పు నాదే. ఎక్కడ ముగిసిందో కాదు, ఎక్కడ మొదలైందో అక్కడ రాయాలి. మరి మీ దగ్గర మొదలుపెట్టి నపారిగారి దగ్గరికి పారిపోయినవాళ్ళ సంగతి?"

"ఉన్నారు. పద్నాలుగుమంది. ప్లాస్టరు దురద పుట్టి పోయారు."

"వాళ్ళలో పన్నెండుమంది నడుస్తున్నారు, నా దగ్గరున్న జాబితా ప్రకారం. వాళ్ళు మీ కిందికి వస్తారు. న్యాయం రెండు వైపులా ఒకటే కదా?"

"ఒకటే" అన్నాను.

ఆమె నల్లబల్ల మీద అంకెలు వేసింది. మా దగ్గర మొదలైనవాళ్ళు డెబ్బై నలుగురు, నడిచినవాళ్ళు అరవై ఒక్కరు. నూటికి ఎనభై రెండు. నపారి దగ్గర మొదలైనవాళ్ళు నూట ముప్పై ఆరుగురు, నడిచినవాళ్ళు నూట ముగ్గురు. నూటికి డెబ్బై ఆరు.

సభలో గుసగుసలు లేచాయి. అజారా వెనక వరసలోంచి చేయి పైకెత్తి ఊపింది. నేను నపారి మొహం చూశాను. వాడు అంకెలు చూడటం లేదు. నా కాగితం వంక చూస్తున్నాడు. వాడికి చదువు రాదు. అయినా అందులో ఎవరుంటారో వాడికి తెలుసు.

"తొందరపడకండి. అంతరం చిన్నది. పైగా ఎవరి దగ్గరికి ఎలాంటి కాలు వచ్చిందో కూడా చూడాలి, తేలికగా విరిగినవన్నీ ఒకవైపే పోయి ఉండొచ్చు. ముందు ఈ ముప్పై పేర్లూ ఒక్కొక్కటీ సరిచూద్దాం. నపారిగారి దగ్గర వైద్యం మొదలైందని దేన్ని బట్టి అనాలి?" అంది డాక్టరమ్మ.

"ఇందులో అడిగేదేముంది తల్లీ, కోడి కాలు విరిగితే మొదలైంది. విరగకపోతే లేదు. చూడ్డానికి పోయినవాడు పలకరించడానికి పోయినట్టే" అన్నాడు ముసలి ఇమోరో.

ఆమె పేర్లు చదవసాగింది. నపారి ఒక్కొక్క దానికీ తడుముకోకుండా చెప్పాడు. ఎర్ర పుంజు, విరిచాను. గిన్నెకోడి, విరిచాను. మెడ మీద ఈకలు లేని పెట్ట, విరిచాను, పన్నెండో రోజున చచ్చింది. మూడేళ్ళలో కాలు విరిచిన ప్రతి కోడీ వాడికి గుర్తుంది. నాకు పుస్తకం కావలసి వచ్చింది.

"పదిహేడు. సనాటు. నలభై ఒక్క ఏళ్ళు. ఎడమ కాలు. చనిపోయారు. కోడి గుర్తు ఉంది."

పెద్దలందరూ నా వైపు తిరిగారు. సనాటు ఎవరో డాక్టరమ్మకు తెలియదు. ఆమె తల పైకెత్తి చూసింది.

నపారి నేల చూపులు చూస్తూ "విరిచాను" అన్నాడు.

"ఎలాంటి కోడి?"

"తెల్లది."

అబద్ధం. విరవలేదు. ఊరికి తెలియని ముక్క ఇదే. ఆ బుధవారం ఏం జరిగిందో ఖననం అయిన మర్నాడే సనాటు చెల్లెలు నాకు చెప్పింది. నపారి కత్తితో ప్లాస్టరు చీల్చాడట. పాదం చూశాడట. తల పట్టుకుని కూర్చున్నాడట. కోడి జోలికే పోలేదు. బండి కోసం వాడే పరిగెత్తాడట. ఆ మాట బయటికి పొక్కితే వాళ్ళ పుట్టింటి పరువు తీస్తానని నేనే ఆమె నోరు మూయించాను.

నపారి కోడి విషయంలో అబద్ధమాడితే వాడి చేతిలోంచి విద్య పోతుందని వాళ్ళ ఇంట్లో నమ్మకం. అందరికీ తెలుసు. ఇప్పుడు పెద్దల ముందు, డాక్టరు ముందు, సనాటు కోసం ఆడాడు.

నేను నోరు మూసుకుంటే చాలు. రెండేళ్ళుగా నేను చెప్పినదాన్నే వాడు నిజం చేశాడు. ఎనభై రెండు ఎనభై రెండుగానే ఉంటుంది. నేను గెలిచాను.

డాక్టరమ్మ పెన్సిలు కాగితం మీద దిగింది. నపారి పేరు కింద సనాటు అని రాయబోతోంది. అది కుమాసీకి పోతుంది, అచ్చవుతుంది. నేనూ వాడూ పోయాక కూడా ఆమె వాడి కిందే ఉంటుంది. నా లెక్కలో ఉన్న డెబ్బై నాలుగుమందిలో నా భార్య ఉండదు. వాడు ఆమెను అడగలేదు, లాక్కోలేదు. తన విద్యను పణంగా పెట్టి పట్టుకుపోతున్నాడు. నేనేం పెట్టాను?

"విరవలేదు" అన్నాను.

పెన్సిలు ఆగింది.

"విరవలేదమ్మా. ఆమె నా భార్య. ఆదివారం కాలు విరిగింది. ప్లాస్టరు నేను వేశాను. వాపు ఉండగా బిగించి వేశాను. వేళ్ళలో చీమలు పాకుతున్నాయంది. విప్పాలని నాకు తెలుసు, విప్పలేదు. బుధవారం నపారి విప్పేసరికి ఏమీ మిగల్లేదు. అతను వైద్యం మొదలుపెట్టలేదు. ఆమె నా దగ్గర మొదలైంది. నా కింద రాయండి."

నపారి లేచాడు. వాడికి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"కూర్చో దావునీ. రెండేళ్ళు మీ వాడ జనం నా గుమ్మం ముందు ముక్కు మూసుకుని పోయారు. నా పిల్లలను చూసి ఉమ్మారు. ఒక్క మాటన్నానా? ఆ నింద నేనే మోశాను. ఇప్పుడు మోసినదాన్ని లాక్కుంటావేం?"

"నీదెప్పుడైంది లాక్కోవడానికి?"

"నీది చేసుకుని ఏం చేశావు?"

ముసలి ఇమోరో కర్ర ఎత్తాడు. "ఇది వేళాకోళమా, తగవా? ఎవరైనా చెప్పండర్రా, నవ్వాలో విడదీయాలో తెలియడం లేదు."

ఎవరూ నవ్వలేదు.

డాక్టర్ అడోమా పెన్సిలు కింద పెట్టింది. తరవాత లేచి నల్లబల్ల దగ్గరికి పోయింది. డెబ్బై నాలుగు చెరిపి డెబ్బై అయిదు రాసింది. నూట ముప్పై ఆరు చెరిపి నూట ముప్పై అయిదు రాసింది. మళ్ళీ లెక్క వేసింది. ఎనభై రెండు ఎనభై ఒకటి అయింది. నపారి వైపు డెబ్బై ఆరు కదల్లేదు. సనాటు వాడి కింద ఉన్నా లేకపోయినా వాడి అంకె అదే. నాది ఒకటి తగ్గింది.

మిగతా పదమూడు పేర్లకూ నపారి ముక్తసరిగా, కోడి రంగు చెప్పకుండా, విరిచాను అని మాత్రం అన్నాడు.

తీర్మానం వాయిదా పడింది. గది అలాగే ఉంటుంది. కాగితం తిరగరాస్తానని డాక్టరమ్మ చెప్పింది. నా చేయి పట్టుకుని ధన్యవాదాలంది. అజారా అన్నం పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"గెలిచావు కదన్నా. తిను" అంది, నా మొహం చూడకుండా.

బయట నపారి తన మోటారు సైకిలు మీద కూర్చుని ఉన్నాడు. నడపడం లేదు. వాడి ముందు నుంచే నేను పోవాలి, వేరే దారి లేదు. నేను దగ్గరికి రాగానే గొంతు తగ్గించి అడిగాడు.

"అంత బిగించి ఎందుకు కట్టావురా?"

కాలు నా చేతుల్లో ఉండగానే ఆమె వాడి పేరు మరోసారి తలచింది. అందుకు. వాడికి తెలుసు. తెలిసే అడిగాడు. నా నోటితో చెప్పించుకోవాలని, విని ఇంటికి పట్టుకుపోవాలని.

చెప్పలేదు. అది నాది. అన్నం పొట్లం చంకలో పెట్టుకుని గదికి పోయాను.